నీడ్‌ఫుల్ నిమిత్తం

"కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని టైపు చేసి ఊపిరి పీల్చుకునేలోపే కింద నీలిగీత. మెలికలు తిరుగుతూ, చెమ్మ గోడ మీద చెదలు పాకినట్టు. దాని మీద వేలు పెడితే చిన్న డబ్బా ఒకటి తెరుచుకుని, ఈ ప్రయోగం పాతబడింది, చదివేవారికి వింతగా అనిపించవచ్చు, ఇంకోలా రాసి చూడండి అని ఇంగ్లీషులో హితవు చెబుతుంది. ఎవరికి? నాకు. సర్వీసంతా కలెక్టరాఫీసులో ఫైళ్ళ మధ్య కూర్చుని, డ్రాఫ్టు పెట్టి, పెట్టిన డ్రాఫ్టుని పై అధికారి ఎర్రసిరాతో కొట్టేస్తే మళ్ళీ పెట్టి, చివరికి సూపరింటెండెంటు హోదాలో దండ వేయించుకుని ఇంటికొచ్చినవాణ్ణి. ఎర్రసిరా వాడినవాళ్ళకి కనీసం ఐ.ఏ.ఎస్. ఉండేది. ఈ నీలిగీత ఏం చదువుకుందని?

దీన్ని నా ల్యాప్‌టాప్‌లో పెట్టింది మా కోడలు. "మావయ్యగారూ, మీ లెటర్సు చాలా బావుంటాయండీ. కాకపోతే కాస్త ఓల్డ్ ఇంగ్లీషు. ఇది ఉంటే అదే సరిచేసేస్తుంది" అంది. ఫ్లాట్ల సంఘానికీ, కరెంటాఫీసుకీ, బ్యాంకుకీ నేను రాసుకునే ఉత్తరాల గురించి. కోడలు మంచిపిల్ల, సరిచేస్తానన్నది నా భాషనే గానీ నన్ను కాదు. అయినా ఆనాటి నుంచి నాకు మనశ్శాంతి లేదు.

"థ్రైస్" అన్నానా, గీత. "త్రీ టైమ్స్" అనాలట. ఒక మాటతో పోయేదానికి రెండు పెట్టమనడం ఏం ఆధునికతో. "హెన్స్‌ఫోర్త్" అంటే గీత. "ఫెలిసిటేట్" అంటే గీత, "హానర్" అనమని సలహా. శాలువా, దండ, జ్ఞాపిక, అధ్యక్షులవారి తొలిపలుకులు, మళ్ళీ ఆయనవే మలిపలుకులు, వీటన్నిటినీ ఒక్క "హానర్" మొయ్యగలదా? మా బావమరిది కూతురి పెళ్ళికి ఇంగ్లీషు శుభలేఖ రాసిచ్చే పని నా మీద పడింది. తరతరాలుగా మన శుభలేఖల్లో వస్తున్నట్టే "సాలిసిట్ యువర్ గ్రేషియస్ ప్రెజెన్స్" అని మొదలెట్టాను. "సాలిసిట్" కింద గీత పడింది. ఎందుకు పడిందో మా కోడల్ని అడిగితే, చెప్పలేక, నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. నేనూ మళ్ళీ అడగలేదు.

ఇక "అవుట్ ఆఫ్ స్టేషన్" దగ్గర యంత్రానికి పూర్తిగా మతిపోయింది. ఏ స్టేషనో వివరంగా చెప్పమంటుంది. కంపెనీ జమానాలో దొరలు కొలువుండే ఊరుకే స్టేషన్ అని పేరు. ఆ ఊరు దాటాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. కంపెనీ పోయింది, దొరలు పోయారు, స్టేషన్ మాత్రం గవర్నమెంటు ఉద్యోగి కాలికి అలాగే ఉండిపోయింది. రెండో శనివారం అత్తారింటికి వెళ్ళాలన్నా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళడానికి అనుమతి కోరుతూ కాగితం పెట్టుకున్న తరం మాది. రైలెక్కడం ఆ తర్వాతి సంగతి.

నీడ్‌ఫుల్‌ని మన గుమాస్తాలే పుట్టించారని ఈ కాలం పిల్లల నమ్మకం. కాదు. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండులో పెద్దమనుషులు నిక్షేపంగా రాసుకున్న మాటే అది. వాళ్ళ వాడుకలో దానికి డబ్బు అని ఇంకో అర్థం కూడా ఉండేది. ఆ రెండో అర్థం మన ఆఫీసుల్లో ఇంకా చెక్కుచెదరలేదని గిట్టనివాళ్ళు అంటుంటారు. దాని బదులు యంత్రం సూచించేది "ప్లీజ్ టేక్ కేర్ ఆఫ్ దిస్". అది ఆఫీసు నుంచి వెళ్ళవలసిన మాటేనా? పక్కింటావిడకి చంటిపిల్లాణ్ణి అప్పజెప్పేటప్పుడు అనుకోవాలి. పైగా అలా రాస్తే దేన్ని, ఎలా చూసుకోవాలో చెప్పవలసి వస్తుంది. నీడ్‌ఫుల్‌లో ఆ బాధ లేదు. చెయ్యవలసిందేమిటో చదివేవాడికి తెలియదు, రాసినవాడికి అసలే తెలియదు, కానీ ఫైలు కదిలింది.

ఈ ఇంగ్లీషు నాకు ఊరికే రాలేదు. తెలుగు మీడియం బళ్ళో "రెన్ అండ్ మార్టిన్" గ్రామరు పుస్తకం పెట్టుకుని, అందులోని పాసివ్ వాయిస్‌తో కుస్తీ పడి తెచ్చుకున్నాను. ఆ రెన్ దొర ఒకప్పుడు బొంబాయి రాజధానిలో విద్యాశాఖ ఉద్యోగే. 1924లో ఫ్రెంచి విదేశీ పటాలం మీద "బో జెస్ట్" అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్నాడు. ఎడారిలో కోటలూ తుపాకులూ అన్నీ అక్కడ వాడేసి, మనకి మాత్రం "ఎ స్నేక్ వజ్ కిల్డ్ బై హిమ్" మిగిల్చాడు. తర్వాత ఉద్యోగంలో చేరాక మా హెడ్ గుమాస్తాగారు మిగిలిన విద్య నేర్పారు. "అబ్బాయ్, గవర్నమెంటు ఇంగ్లీషులో 'నేను' అనేవాడు ఉండడు. కింద సంతకం చేసినవాడు ఉంటాడు, అంతే" అనేవారు. అదే "అండర్‌సైన్డ్". ఒకవేళ "ఐ" రాయక తప్పకపోతే వెంటనే "యామ్ డైరెక్టెడ్ టు స్టేట్" అని తగిలించాలి. ఎవరు డైరెక్ట్ చేశారన్నది ఎవరూ అడగరు. ఆయన్ని ఎవరో డైరెక్ట్ చేశారు, వారిని ఇంకెవరో. అలా పైకి పోతే చివరికి గవర్నరుగారి పేరు మీద తేలుతుంది, వారికి సంగతి తెలియదు. ఇంత పకడ్బందీ ఏర్పాటుని తీసుకొచ్చి నీలిగీత ఏమంటుందంటే, "యాక్టివ్ వాయిస్ వాడండి, వాక్యానికి బలం వస్తుంది" అని. బలం ఎవరిక్కావాలి? మాకు కావలసింది రక్షణ.

"అసలు ఇంగ్లీషువాళ్ళే వదిలేశారు కదండీ మావయ్యగారూ" అని మా కోడలి వాదన. అక్కడే నాకు ఒళ్ళు మండేది. ఫలానా మాటకి కాలం చెల్లిందని చెప్పే పెత్తనం ఆ జాతికి ఎవరిచ్చారు? మాటల్ని భద్రంగా చూసుకునే అలవాటు వాళ్ళకెప్పుడుందని? "సిల్లీ" అంటే ఒకప్పుడు దైవానుగ్రహం పొందినవాడని అర్థం. వాళ్ళ చేతుల్లో నలిగి నలిగి అమాయకుడయ్యాడు, పాపం అనిపించుకున్నాడు, చివరికి వెర్రివెంగళప్పగా తేలాడు. "నైస్" కథ తలకిందులు. ఏమీ తెలియనివాడని అర్థమిచ్చే లాటిన్ మాటలోంచి పుట్టి, మూర్ఖుడిగా కొంతకాలం కాలక్షేపం చేసి, ఇప్పుడు నైస్‌గా చలామణీ అవుతోంది. భాగ్యవంతుణ్ణి పిచ్చివాణ్ణి చేసి, పిచ్చివాణ్ణి పెద్దమనిషిని చేసినవాళ్ళు నా "థ్రైస్"కి తీర్పు చెబుతారా?

వీటన్నిటినీ మించిన దుబారా ఇంకోటి ఉంది. వాళ్ళు "నువ్వు"ని పారేసుకున్నారు. "దౌ" అని బైబిల్లోనూ షేక్‌స్పియర్ నాటకాల్లోనూ కనిపించే మాట మహా గౌరవవాచకమని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటారు. తీరా చూస్తే అది అచ్చంగా మన "నువ్వు". "యూ"యే "మీరు". పనివాణ్ణి, పిల్లల్ని, ప్రాణస్నేహితుణ్ణి "దౌ" అనాలి, దొరగారిని "యూ" అనాలి. తేడా వస్తే రక్తపాతమే. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం కేసు నడిచినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ నిండు కోర్టులో ఆయన్ని "దౌ" అన్నాడు. పొరపాటున కాదు, తిట్టడానికే, "నిన్ను నువ్వు అంటున్నానురా" అని చెప్పి మరీ. షేక్‌స్పియర్ రాసిన "ట్వెల్ఫ్త్ నైట్"లో ఒక పాత్ర ఇంకో పాత్రకి, నీ శత్రువుకి రాసే సవాలు ఉత్తరంలో ఓ మూడుసార్లు "దౌ" పడేట్టు చూసుకో, బాగుంటుంది అని ఉపాయం చెబుతుంది. ఆ మూడుసార్లకి ఆయన వాడిన మాట "థ్రైస్" అని మనవి.

ఆ శతాబ్దం నడిమిలోనే క్వేకర్లు అనే మతశాఖవారు బయల్దేరి, దేవుడి ముందు అందరూ సమానమే కనక జడ్జీనైనా జమీందారునైనా "నువ్వు" అనే పిలుస్తాం పొమ్మన్నారు. అన్నారు, తన్నులూ తిన్నారు. జైళ్ళకి వెళ్ళారు. కన్నతండ్రిని నువ్వన్నందుకు ఇంట్లోనే దెబ్బలు తిన్న కొడుకులున్నారు. సరిగ్గా అదే శతాబ్దంలో ఇక్కడ గోల్కొండ జైల్లో మా రెవెన్యూ శాఖ పూర్వీకుడొకాయన, పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్నగారు, శ్రీరామచంద్రమూర్తిని ఏకవచనంలో నిలదీస్తున్నాడు. రెవెన్యూ మనిషి కనక, ఏ నగకి ఎంతయిందో లెక్కలు చెప్పి మరీ నిలదీశాడు. దేవుడేమీ అనుకోలేదు. తెలుగువాడు దేవుణ్ణి నువ్వంటాడు, తహసీల్దారుని తమరంటాడు. ఎవరితో పని పడుతుందో తెలిసినవాడు.

మన వాళ్ళు ఈ నువ్వు, మీరు, తమరు, ఏమోయ్, ఏవండీల మధ్య ఇప్పటికీ దారి తప్పకుండా నడుస్తున్నారు. అక్కడివాళ్ళకి మాత్రం విసుగొచ్చింది. ఎవర్ని నువ్వనాలో ఎవర్ని మీరనాలో తేల్చుకోలేక, ఎందుకొచ్చిన గొడవని అందర్నీ "మీరు" అనేసి చేతులు దులుపుకున్నారు. దాంతో పెళ్ళాం మీరు, పిల్లలు మీరు, కుక్క కూడా మీరే. "యూ ఇడియట్" అని ఇంగ్లీషువాడు అరిచినప్పుడు నిజానికి అతను అంటున్నది "తమరు వెధవలండీ" అని. ఇంత ఖరీదైన సర్వనామాన్ని చెత్తబుట్టలో వేసినవాళ్ళ దగ్గర నేను పొదుపు నేర్చుకోవాలా?

సరే, వాళ్ళు పారేసినవన్నీ పోలేదు. చాలా భాగం మన దగ్గర భద్రంగా ఉన్నాయి. దీనికి స్టెప్నీ సాక్షి.

మొన్న టైరు పంక్చరైతే మెకానిక్ కుర్రాడు "స్టెప్నీలో గాలుందా సార్?" అన్నాడు. అప్పట్నుంచీ ఆ మాట నన్ను వదల్లేదు. మా కోడలి యంత్రంలో టైపు చేస్తే అది స్టెప్నీని లండన్‌లో ఒక పేటగా గుర్తుపట్టి, మొదటి అక్షరం పెద్దది చెయ్యమంది. నిజమే, లండన్ తూర్పువైపు ఆ పేరుతో పేట ఉంది. మన టైరుకి దానితో సంబంధం లేదు. మన టైరుది వేల్స్. అక్కడ లనెల్లి అని ఒక ఊరు. లనెల్లి అని నేను రాశాను గానీ ఆ ఊరివాళ్ళు వింటే ఒప్పుకోరు. ఆ "ల" వేరు, నాలుక పైకి ఆనించి పక్కల నుంచి గాలి ఊదాలి. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు, ఇంగ్లీషులోనూ లేదు. రేకుల కర్మాగారాల ఊరు. రేకు గిన్నెలు అంతగా చేసేవారు కనక ఆ ఊరి రగ్బీ జట్టు గోలుపోస్టుల మీద ఎర్ర గిన్నెలు బోర్లించి పెట్టుకునేవారు. ఆ ఊళ్ళో భూస్వాములు స్టెప్నీ కుటుంబంవారు. వారి పేరున ఒక వీధి, స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధిలో థామస్ మోరిస్ డేవిస్ అని ఒకాయన ఉండేవాడు.

అప్పట్లో మోటారు కారుకి అదనపు చక్రం ఉండేది కాదు. చక్రం ఊడదీసే వీలూ ఉండేది కాదు. రోడ్ల నిండా గుర్రాల నాడాల మేకులు. మేకు దిగిందంటే దొరగారు కోటు విప్పి, రోడ్డు మీద కూర్చుని, టైరు ఊడదీసి, ట్యూబుకి అతుకు వేసి, గాలి కొట్టుకోవాలి. దొరసాని గొడుగు వేసుకుని పక్కన నిలబడి చూడాలి. డేవిస్ 1904లో దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఆకులు లేని వట్టి గుండ్రటి రిమ్ము, దాని మీద ముందే గాలి నింపిన టైరు. గాలి పోయిన చక్రం పక్కనే దీన్ని కొక్కేలతో బిగించేస్తే చాలు, ఇంటికి పోవచ్చు. వీధి పేరే కంపెనీకి పెట్టాడు, కంపెనీ పేరే వస్తువుకి అంటుకుంది. కార్లు ఎక్కడెక్కడికి వెళ్ళాయో స్టెప్నీ అక్కడికల్లా వెళ్ళింది. తర్వాత ఊడదీసే చక్రాలు వచ్చాయి, డేవిస్‌గారి రిమ్ముతో పనిలేకుండా పోయింది. ఇంగ్లండువాళ్ళు వస్తువుతో బాటు మాటనీ మరిచిపోయి "స్పేర్" అన్నారు. మనం మరవలేదు. బంగ్లాదేశ్‌వాళ్ళు మరవలేదు. మధ్యధరా సముద్రంలో మాల్టావాళ్ళు మరవలేదు. బ్రెజిల్‌వాళ్ళు పోర్చుగీసు యాస కలిపి "ఎస్తెపె" అంటారట. అంటే బ్రెజిల్లో ఏ అడవిదారిలోనో మా మెకానిక్ కుర్రాడి కారు పంక్చరైతే, భాష రాకపోయినా పని జరిగిపోతుంది. లండన్‌లో మాత్రం ఇరుక్కుంటాడు.

ఇంకో తమాషా ఉంది. ఈమధ్య వస్తున్న కొత్త కార్లలో చాలావాటికి స్టెప్నీయే ఇవ్వడం లేదు. బరువు తగ్గించాలట, చోటు మిగల్చాలట. దాని బదులు గాలి కొట్టే డబ్బా, జిగురు సీసా చేతిలో పెడుతున్నారు. పంక్చరైతే యజమాని రోడ్డు మీద కూర్చుని తనే అతుకు వేసుకోవాలి, భార్య పక్కన గొడుగు పట్టుకుని నిలబడాలి. మోటారు పరిశ్రమ ఇన్నేళ్ళు శ్రమించి 1904కి ముందు కాలానికి చేరుకుంది. దాన్ని ఎవరూ పాతబడిందనరు. నా "నీడ్‌ఫుల్" మీద మాత్రం గీత.

డిక్కీ సంగతి కూడా ఇంతే. గుర్రబ్బండి వెనకాల నౌకర్లు కూర్చునే బల్ల అది. ఇప్పుడు దాన్ని తీయించి చూడకుండా చెక్‌పోస్టు పోలీసు కారుని వదలడు. టిఫిన్ అయితే ఒకనాటి ఇంగ్లీషు తాగుబోతుల యాసమాట, గుక్కగుక్కగా చప్పరించడం దాని అర్థం. అది ఈ దేశంలో దొరల మధ్యాహ్న భోజనమై, మన చేతిలో పడ్డాక ఇడ్లీ అయింది, ఉప్మా అయింది. శనివారం రాత్రి "అన్నం మానేశాను, టిఫినే" అంటూ నాలుగు పెసరట్లు తినే భక్తులకి ఉపవాసం కూడా అయింది. తాగుడు నుంచి ఉపవాసానికి వచ్చిన మాటలు ప్రపంచ భాషల్లో ఎన్నున్నాయో వెతకాలి. ఇక గోడౌన్. ఇది పరాయి మాట, "గిడ్డంగి" అనాలి అని మా ఆఫీసులో అధికార భాష అమలు జరిగిన రోజుల్లో సర్క్యులర్ వచ్చింది. 1886లో అచ్చయిన "హాబ్సన్-జాబ్సన్" అనే ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువు తిరగేస్తే, గోడౌన్ మలయ్ భాష మీదుగా వచ్చిందని, దాని వెనక మన గిడ్డంగే ఉండవచ్చని కనిపిస్తుంది. అదే నిజమైతే, పొమ్మన్న అల్లుణ్ణి వెళ్ళగొట్టి వాళ్ళ తాతని పిలిపించాం.

కోర్టు మాటల దగ్గర మాత్రం నేను కొంచెం తగ్గి మాట్లాడాలి. మా ఫ్లాటు దస్తావేజు ఇంగ్లీషులో ఉంది. మొదటి పేజీలోనే "విట్‌నెసెత్". ఈ "ఎత్" తోక నాలుగు వందల ఏళ్ళకి పైబడినది. మాట్లాడేవాళ్ళు ఎప్పుడో వదిలేశారు, ప్లీడర్లు వదల్లేదు. ప్లీడర్లు దేన్నీ వదలరు. 1066లో నార్మన్లు ఇంగ్లండుని జయించాక కోర్టుల్లో ఫ్రెంచి చేరింది. 1362లో, వాదనలు జనానికి అర్థమయ్యే ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు. అయినా ఎందుకైనా మంచిదని రెండు భాషల మాటలూ పక్కపక్కన పెట్టుకోవడం అలవాటైంది. "విల్" ఇంగ్లీషు, దాని పక్కన "టెస్టమెంట్". "గూడ్స్" ఇంగ్లీషు, పక్కన ఫ్రెంచి "చాటిల్స్". మన దస్తావేజు లేఖరులు ఈ విద్యలో ఎవరికీ తీసిపోలేదు. "హక్కు" అరబ్బీది, "భుక్తం" సంస్కృతం, రెండూ కలిపి హక్కుభుక్తాలు. ఆ పైన నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములనే అష్టభోగాలతో సహా అమ్మేస్తారు. మా పక్క ఫ్లాటాయన దస్తావేజు తెలుగులో ఉంది, నాలుగో అంతస్తులో రెండు పడగ్గదుల ఇంటికి ఈ ఎనిమిదీ రాశారు. నిధి ఉందేమోనని ఆయన తవ్వితే మూడో అంతస్తువాళ్ళ హాల్లో తేలతాడు.

"కల్‌ప్రిట్" అనే మాట పుట్టుక చూస్తే నాకు గుమాస్తాగా గర్వం కలుగుతుంది. ముద్దాయి దోషే, నిరూపించడానికి సిద్ధం అనే ఫ్రెంచి వాక్యాన్ని కోర్టు గుమాస్తాలు బద్ధకించి "కల్. ప్రిట్." అని పొట్టిగా రాసుకునేవారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ రెండు ముక్కల్నీ కలిపి చదివేసి ముద్దాయికే పేరుగా పెట్టారు. ఒక గుమాస్తా బద్ధకం ఒక భాషకి మాటనిచ్చింది. "మిస్‌క్రియెంట్స్" ఇంకా గొప్పది. అన్యమతస్థులు, దేవుణ్ణి సరిగ్గా నమ్మనివాళ్ళు అని దాని మొదటి అర్థం. ఇప్పుడు గుడి హుండీ పగిలిన మర్నాడు ఇంగ్లీషు పేపర్లో "సమ్ మిస్‌క్రియెంట్స్" అని వస్తుంది. ఆ ఒక్క చోటికి మాత్రం పాత అర్థం కూడా అతికినట్టు సరిపోతుంది.

"ఇండెంచర్" అనే మాట వెనక ఏముందో ఈ మధ్యే తెలుసుకున్నాను. ఒకే తోలు కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో పళ్ళు పళ్ళుగా, వంకరగా కోసేవారట. చెరో ముక్కా పట్టుకెళ్ళేవారు. తగువొస్తే రెండు ముక్కల పళ్ళూ కలిపి చూసేవారు, కలిస్తే అసలు, కలవకపోతే నకిలీ. ఆ పళ్ళ పేరే ఆ కాగితానికి వచ్చింది. చదువు రాకపోయినా తన చేతిలో ముక్క ఉంటుంది కదా, ఎంత న్యాయమైన ఏర్పాటు అనుకున్నాను.

తర్వాత గుర్తొచ్చింది. 19వ శతాబ్దంలో మనవాళ్ళు కోరంగి రేవు నుంచీ, విశాఖపట్నం నుంచీ, మద్రాసు నుంచీ మారిషస్‌కీ నేటాల్‌కీ చెరకు తోటల్లో కూలికి వెళ్ళింది ఈ మాట మీదే. మారిషస్‌లో తెలుగువాళ్ళకి రేవు పేరే కులం పేరైనట్టు కొరింగీలని పేరు పడింది. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి వెళ్ళి డర్బన్‌లో మొదటి జట్టుని దింపింది. అయిదేళ్ళ ఒప్పందం. ఉత్తరాదివాళ్ళకి "అగ్రిమెంట్" నోరు తిరక్క "గిర్మిట్" అన్నారు. ఆ కాగితంలో ఎన్ని "విట్‌నెసెత్"లున్నా, ఎన్ని "హియరిన్ఆఫ్టర్"లున్నా వేలిముద్ర వేసినవాడికి ఒకటే. అందులో ఏముందో అతనికి ఎవరు చదివి చెప్పారో, చెప్పినవాడు ఏం చెప్పాడో.

నేను పనిచేసినన్నాళ్ళూ అర్జీదారులు మా ఆఫీసుకి రెండుసార్లు వచ్చేవారు. మొదటిసారి అర్జీ ఇవ్వడానికి, రెండోసారి వచ్చిన జవాబులో ఏముందో అడగడానికి. జవాబులో ఉండేది సాధారణంగా ఒకటే వాక్యం. "నాట్ ఫీజిబుల్ ఆఫ్ కంప్లయన్స్." మా హెడ్ గుమాస్తాగారికి ప్రాణప్రదమైన వాక్యం, నేనూ ఎన్ని కాగితాల మీద రాశానో. ఒక పెద్దావిడ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పాలిథిన్ కవరులో దాచుకుని తెచ్చింది. భర్త పోయాక భూమి తన పేరు మీదికి మార్చమని అర్జీ. "ఇంగ్లీషులో వచ్చింది బాబూ, అయిపోయినట్టేనా?" అంది. అవ్వదని రాశారమ్మా అన్నాను. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ముద్ర ఉంది, నంబరుంది, కింద సంతకం ఉంది. "ఇంత మంచి కాగితం మీద కాదని రాస్తారా?" అంది. నన్ను నమ్మక, బయట చెట్టు కింద అర్జీలు రాసేవాడి దగ్గరికి వెళ్ళి ఇంకోసారి చదివించుకుంది.

ఈమధ్య మా పాత సెక్షన్లో ఇప్పుడు పనిచేస్తున్న కుర్రాడు ఏదో పాత ఫైలు నంబరు కోసం ఫోన్ చేశాడు. మాటల మధ్యలో, ఆ వాక్యం ఇంకా వాడుతున్నారా అని అడిగాను. "వాడటమేంటి సార్, కంప్యూటర్లో ముందే పెట్టేసుకున్నాం. అర్జీదారు పేరూ తేదీ కొడితే చాలు, మిగతాదంతా అదే వచ్చేస్తుంది" అన్నాడు. "స్పెల్లింగు తప్పులు కూడా ఉండవు సార్."